వేంకటేశ్వర్లు పంతులు కొట్టిన ఏడు ఊఁలు

నా పేరు నాకే పలకడం రాదని నలభై ఏళ్లుగా వీధంతా చాటిన మనిషి వేంకటేశ్వర్లు పంతులు. ఆయన గురించి ఇప్పుడు రాస్తున్నానంటే ప్రేమ ఎక్కువై అని ఎవరూ అనుకోవద్దు. పురోహితుడికి నోరే బతుకు. ఆ నోటిని సగం ధరకు బాగుచేస్తారని పరాయి దేశం మోసుకెళ్లి పాడుచేసుకొచ్చాడు. అది కూడా మా చిన్నమ్మాయి సాయి ప్రియ పెళ్లి నెలరోజుల్లో పెట్టుకుని, ఆ పెళ్లి నేనే చేయిస్తానని మాటిచ్చి మరీ.

మాది తెనాలి గంగానమ్మపేట. నేను కాపరానికి వచ్చిన మూడో నెలలో మా అత్తగారు సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. పంతులు అప్పుడు పాతికేళ్లు నిండని కుర్రాడు. నా ఎదురుగా కూర్చుని సంకల్పానికి పేరు చెప్పమన్నాడు.

"సకుంతల" అన్నాను.

"సకుంతల కాదమ్మా. శకుంతల. శంఖంలో శ. నాలుకని అంగిటి దగ్గరికి తీసుకెళ్లి గాలి వదులు."

"సకుంతల."

మూడుసార్లు అనిపించాడు. మూడుసార్లూ నాకు అదే వచ్చింది. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. "పిల్ల పలకలేని పేరు పిల్లకి పెట్టడమేంటమ్మా మీవాళ్లు!" అన్నాడు పంతులు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, మాట మర్చిపోయేదాన్ని కాదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ శుభం జరిగినా, ఏ తద్దినం జరిగినా అదే తంతు. నేను సకుంతల అనడం, ఆయన వేలెత్తడం.

ఆయన పుట్టింది కొల్లూరులో. వేదం చెప్పింది తండ్రే. ఆ తండ్రి నోట్లో ఉసిరికాయ పెట్టి వేదపనసలు చెప్పించేవాడట. కాయ కింద పడకూడదు, అక్షరం చెడకూడదు. రెంటిలో ఏది జరిగినా తొడపాశం. ఎనిమిదేళ్లు అలా చదివాడని ఆయన భార్య అమ్మాజీ గారు నాకు చెప్పింది. తమ్ముడు భరద్వాజ మాత్రం మొదటి నెలలోనే ఉసిరికాయ నమిలి మింగేసి పెరట్లోకి పారిపోయాడట. తరవాత అతనూ ఎలాగో నేర్చుకుని బాపట్లలో పౌరోహిత్యం పెట్టుకున్నాడు గానీ, ఆ తేడా మాత్రం పోలేదు. పదిహేనేళ్ల కిందట తండ్రి ఆబ్దికంలో తమ్ముడు ఒక అక్షరం మింగాడని, భోక్తల ఎదుటే "మంత్రం చెప్తున్నావా, మరమరాలు నములుతున్నావా?" అన్నాడు ఈయన. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

అంతా ఇంతా పట్టుదల కాదు. పెళ్లికొడుకు ఒత్తు పలకలేదని తాళి చేతికివ్వకుండా ఆపేవాడు. వీధి చివర ఫ్లెక్సీలో 'శుభాకాంక్షాలు' అని ఉంటే బొగ్గుముక్క తెచ్చి దీర్ఘం కొట్టేశాడు. "అక్షరం చెడితే మంత్రం తిరగబడుతుంది" అనేవాడు. నిజం చెప్పొద్దూ, ఆయన గొంతు విప్పితే మండపంలో అరుపులు తగ్గేవి. అందుకే ఎంత ఒళ్లు మండినా మేమాయన్నే పిలిచేవాళ్లం.

మంత్రం మీద ఉన్న పట్టుదల తిండి మీద లేదు. ఒంట్లో షుగరు. విస్తట్లో బూరెలు. ఎవరైనా వద్దంటే "ప్రసాదానికి షుగరేంటమ్మా" అనేవాడు. రెండేళ్లలో చిగుళ్లు వదులయ్యాయి. పోయిన వైశాఖంలో జంపనిలో ఒక పెళ్లి. నేనూ వెళ్లాను. జీలకర్రా బెల్లం పెట్టించే వేళ, గట్టిగా మంత్రం అందుకున్నాడు, ముందు పన్ను ఊడి తలంబ్రాల పళ్లెంలో పడింది. పెళ్లికూతురు చూసి కెవ్వుమంది. వీడియో తీసేవాడు దాన్ని దగ్గరగా తీశాడు. సాయంత్రానికల్లా ఆ ముక్క అందరి ఫోన్లలోకీ వచ్చింది. నేనూ పదకొండుమందికి పంపాను. అప్పటినుంచి పేరు 'పన్ను పంతులు'. వారం తిరక్కుండానే పక్క పన్నూ, కింది పళ్లు రెండూ ఊడాయి. మూడు పెళ్లిళ్లవాళ్లు వేరే పురోహితుణ్ణి చూసుకున్నారు.

పళ్ల డాక్టరు నిఖిల్ దగ్గరికి భార్యాభర్తలు బయల్దేరితే నేనూ వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు. ఆటోలో చోటుంది, ఎక్కాను.

ఆ కుర్రడాక్టరు అద్దం పెట్టి చూశాడు, ఫోటో తీశాడు, రక్తం పరీక్ష చేయించాడు. "షుగర్ మూడొందలకి దగ్గరగా ఉందండి. ముందు అది దించాలి. చిగుళ్లు బాగుచేయాలి. తర్వాత ఎముకలో స్క్రూలు వేస్తాను. అవి కుదురుకోవడానికి నాలుగైదు నెలలు. ఆ పైన పళ్లు బిగిస్తాను. అప్పటిదాకా తీసి పెట్టుకునే సెట్టు ఇస్తాను" అన్నాడు.

"తీసి పెట్టుకునేదా?" పంతులు లేచి కూర్చున్నాడు. "నోట్లోంచి తీసింది ఎంగిలి. ఆ ఎంగిలి మళ్లీ నోట్లో పెట్టుకుని మంత్రం చెప్పమంటావా?"

"కడుక్కునే పెట్టుకుంటారండి అందరూ."

"అందరూ మంత్రాలు చెప్తున్నారా? నీకు మీసం మొలిచి ఎన్నాళ్లయింది నాయనా?"

డాక్టరు చీటీ మీద షుగరు మందు రాసి ఇచ్చాడు. ఆ చీటీ పంచాంగంలో పేజీ గుర్తుకి పనికొచ్చింది, అంతే.

అప్పుడు దిగాడు హేమంత్. బోసు రోడ్డులో మేడ మీద ఒక గది, రెండు కుర్చీలు, గోడకి విమానం బొమ్మ, అదీ ఆఫీసు. కాశీయాత్రలతో మొదలుపెట్టి, ఇప్పుడు 'పళ్లూ పర్యటనా' అని కొత్తది పెట్టాడు. వియత్నాంలో ఎనిమిది రోజులు. మూడు రోజులు పళ్లు, మిగతావి పడవ షికార్లు. ఇక్కడ అయ్యేదానిలో సగం ధర. ఇక్కడ ఆరు నెలలు, అక్కడ మూడు రోజులు. తీసే పని లేని పళ్లు. కరపత్రం మీద ఒక ముసలాయన నవ్వుతున్నాడు. ఎవరి పళ్లో, ఎవరి నవ్వో.

"ఒరేయ్, అంత తేలికైతే మన డాక్టర్లు ఎందుకు చెయ్యరురా?" అన్నాను.

"వీళ్లు మిమ్మల్ని పదిసార్లు తిప్పుకోవాలి కదా పెద్దమ్మా. అక్కడ మిషన్లు వేరు."

"ఊఁ."

"పంతులు గారి పక్కనే తెలుగు తెలిసిన మనిషి ఉంటాడు."

"ఊఁ."

"ఏదైనా తేడా వస్తే పదేళ్లు వాళ్లదే పూచీ."

"ఊఁ" అన్నాను. నేను ఊఁ అన్నానే గానీ, వాడి మాట ఒక్కటీ నమ్మలేదు.

పంతులు నమ్మాడు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. ఆ శూన్యమాసంలో వెళ్లి, శ్రావణానికి కొత్త పళ్లతో దిగుతానన్నాడు. సాయి ప్రియ పెళ్లి శ్రావణంలోనే. పెళ్లికొడుకు వాళ్లది రేపల్లె, మండపం కూడా అక్కడే.

నాకు ఒక సంగతి అడగాలని నాలుక దురద పెట్టింది. ఏడేళ్ల కిందట మా ఆయన రంగనాయకులు వడ్లవ్యాపారుల గుంపుతో సింగపూర్ వెళ్లొస్తే, సముద్రం దాటాడని ఈ పంతులే ప్రాయశ్చిత్తం చేయించి, పంచగవ్యం తాగించాడు. మా ఆయన రెండు రోజులు అన్నం సహించక తిరిగాడు. మా రెండిళ్లకీ మధ్య గోడ మీదనుంచి అడిగాను. "పంతులు గారూ, వియత్నాం సముద్రానికి ఇవతల ఉందా, అవతలా?"

"ఓడలో పోతే దాటినట్టమ్మా. విమానంలో సముద్రం మనకి తగలదు కదా. అది ఆకాశయానం."

"మా ఆయన ఈదుకుంటూ వెళ్లాడా?"

కిటికీ మూసుకున్నాడు. కానీ లోపల పీడించే సంగతి ఇంకోటుందని అమ్మాజీ గారు చెప్పింది. రోజూ సంకల్పంలో కృష్ణకీ కావేరికీ మధ్య ఉన్నానని చెప్పుకునే మనిషి, అక్కడ ఏ నది పేరు చెప్పుకోవాలో తెలియక హేమంత్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాడట. ఆ నది పేరు రాసుకున్నాడు గానీ, ఆ డాక్టరు పేరు రాసుకోలేదు. ఆసుపత్రి ఎక్కడో, ఏం చేస్తారో, ఏ రకం పళ్లు పెడతారో అడగలేదు. అమ్మాజీ గారిని కూడా తీసుకెళ్లలేదు. ఆమెకి టిక్కెట్టు కలిపితే సగం ధర సగం ధర కాకుండా పోతుందట.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆటో దిగాడు. ఉత్తరీయం ముక్కుదాకా కప్పుకున్నాడు. నేను చూడకుండా ఎలా ఉంటాను? మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్లాను. తాగడానికి ఉత్తరీయం దించాడు. కొత్త బాత్రూం గోడకి వేసిన పలకల్లా ఉన్నాయి. కుడి నుంచి ఎడమదాకా ఒకే తెలుపు, ఒకే ఎత్తు. వాటి వెనక చిగుళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మజ్జిగ పెదవి మీదనుంచి జారి పంచె మీద పడింది. జారినట్టు ఆయనకి తెలియలేదు. కింది పెదవి మొద్దుబారిపోయిందట.

"బాగున్నాయా?" అని అడిగాడు.

నాకు వినపడింది మాత్రం వేరే ఏదో. ఆయన మాటలు ఇక్కడినుంచి నేను సరిచేసి రాస్తున్నాను. ఉన్నదున్నట్టు రాస్తే ఎవరూ చదవలేరు.

"వాపు తగ్గితే అన్నీ సర్దుకుంటాయమ్మా. పెళ్లికి ఇంకా నెలుంది" అన్నాడు. నెల గడిచింది. వాపు తగ్గలేదు. రోజూ తెల్లారకముందే పెరట్లో సాధన చేసేవాడు. గోడకి చెవి పెట్టి విన్నాను. నాలుక పళ్ల వెనక తగిలితే పుట్టే అక్షరాలు కదా త, థ, ద, ధ, న. దంత్యాలంటే అవేనని ఆయనే వీధి పిల్లలకి చెప్పేవాడు. ఆ పళ్ల వెనక ఇప్పుడు మందపాటి గోడ ఉంది. నాలుక వెళ్లి కొట్టుకుంటోంది, అక్షరం పుట్టడం లేదు. వేరే పురోహితుణ్ణి చూసుకుందామని మా ఆయన అన్నాడు. నేనే వద్దన్నాను. జాలితో కాదు. మాటిచ్చిన మనిషి, మాట తప్పాడని అనిపించుకోవాలి గానీ, మేము తప్పించామని అనిపించుకోకూడదని.

పెళ్లికి ఐదు రోజుల ముందు సాయి ప్రియని పెళ్లికూతుర్ని చేశాం. పంతులు వచ్చి కూర్చున్నాడు. ముందు వినాయకుడి శ్లోకం, బడికెళ్లే పిల్లలకి కూడా వచ్చేది. మొదటి అక్షరమే శ. ఆయన కళ్లు మూసుకుని, నాలుక అంగిటి దగ్గరికి తీసుకెళ్లి, గాలి వదిలాడు.

"థూ" అని వచ్చింది.

విఘ్నేశ్వరుడి మీద ఉమ్మినట్టు ఉంది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే. ఎవరో కిసుక్కుమన్నారు. అబద్ధం దేనికి, ఆ నవ్వింది నేనే. నలభై ఏళ్లు దాచుకున్న నవ్వు, ఆపితే ఆగలేదు. తరవాత అందరూ నవ్వారు. పంతులు మూడోసారి ప్రయత్నించలేదు. పసుపు గణపతికి దణ్ణం పెట్టి, లేచి, చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మళ్లీ నిఖిల్ డాక్టరు దగ్గరికి. ఈసారి అమ్మాజీ గారే నన్ను రమ్మంది.

డాక్టరు చూసి, కొత్తగా ఇంకో ఫోటో తీశాడు. "కింద రెండు స్క్రూలు కదులుతున్నాయి. చీము ఉంది. ఒక స్క్రూ నరం దగ్గరదాకా దిగినట్టుంది, పెదవి అందుకే మొద్దుబారింది. స్క్రూల మీది పళ్లు విప్పి, లోపల శుభ్రం చేయాలి. ఇవి ఏ కంపెనీ స్క్రూలో కార్డు ఇచ్చి ఉంటారు, తెచ్చారా?"

పంతులు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. ఒక ఎర్ర ముద్ర.

"ఇందులో కంపెనీ పేరు లేదండి. ఎక్స్-రే ఇచ్చారా?"

లేదు.

"ఒక్కో కంపెనీ స్క్రూకి ఒక్కో రకం బిగించే పనిముట్టు ఉంటుంది. ఏదో తెలియకుండా నేను తిప్పితే లోపలే విరుగుతుంది. పైగా..." డాక్టరు పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టాడు. "నేను చూసినప్పుడు పైన రెండు, కింద రెండే పోయాయి. ఇటు రెండు, అటు రెండు గట్టి పళ్లు ఉండేవి. అవేవి?"

అమ్మాజీ గారు మొగుడి వంక చూసింది. ఆయన నేల వంక చూశాడు.

"ఐదు రోజుల్లో మంత్రం చెప్పాలి బాబూ" అంది ఆమె.

"ఐదు రోజులు కాదమ్మా. ముందు చీము తగ్గించి, తర్వాత అన్నీ కోసి తీసేయాలి. ఎముక మానడానికే ఏడాది. ఆ పైన మాట ఎంతవరకు తిరిగొస్తుందో నేను చెప్పలేను."

మర్నాడు పొద్దున్నే హేమంత్‌ని మా అరుగు మీదికి పిలిపించాను. పంతులు దంపతులు ఒక పక్క, మేము ఒక పక్క.

"పెద్దమ్మా, నాది టికెట్టూ హోటలూ. వైద్యంతో నాకు సంబంధం లేదు, రశీదు వెనక రాసి ఉంది."

"పదేళ్ల పూచీ అన్నావు కదరా?"

"పూచీ ఉంది కదా! అక్కడికి వెళ్తే ఊరికే సరిచేస్తారు. టిక్కెట్టు మాత్రం మనదే."

"ఆ తెలుగు మనిషి ఏడిరా?"

పంతులు చెయ్యూపాడు. ఎయిర్‌పోర్టులో దండ వేసి, హోటల్లో దింపి, మిగతావాళ్లని పడవ షికారుకి తీసుకెళ్లిపోయాడట.

"గట్టి పళ్లు నాలుగు ఎందుకు పీకారో అడుగు వాళ్లని" అంది అమ్మాజీ గారు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ పొద్దున వీధి చివరికి వినిపించేలా అరిచింది.

"అడిగానండి. వాళ్లు ఇది పంపారు. పంతులు గారు ఒప్పుకున్నాకే చేశారట" అని హేమంత్ ఫోన్ తిప్పి చూపించాడు.

వీడియో. పంతులు వాలుకుర్చీలో పడుకుని ఉన్నాడు. నోట్లో దూది. అప్పటికే మత్తు సూది పొడిచారట. పక్కన ఒక పిల్ల కాగితం పట్టుకుని, ఇంగ్లీషులో ఏదో చదువుతోంది. ఒక ముక్క చదవడం, ఆగి ఆయన మొహం చూడడం.

"ఊఁ" అన్నాడు పంతులు వీడియోలో.

ఇంకో ముక్క. "ఊఁ." ఇంకోటి. "ఊఁ." నేను లెక్కపెట్టాను. ఏడు ఊఁలు. చివర ఒక గాజుపలక ముందు పెడితే, వేలితో సంతకం గీశాడు.

"అమ్మాయ్, ఆ పిల్ల ఏం చదువుతోందో చెప్పు" అన్నాను సాయి ప్రియతో. చేతికి గోరింటాకు కట్టుతోనే వచ్చి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"కొత్త పళ్లు సరిగ్గా కూర్చోడానికి పక్కనున్న నాలుగు మంచి పళ్లు తీసేస్తామంటోందమ్మా."

"ఊఁ" అన్నాడు ఫోన్లో పంతులు.

"షుగరు లాంటివి ఉండి పుండు మానకపోతే బాధ్యత మాది కాదంటోంది."

"ఊఁ."

"మాట తీరు మారొచ్చంటోంది." సాయి ప్రియ ఆగింది. "తగువొస్తే ఆ దేశం కోర్టులోనే తేల్చుకోవాలంటోంది."

"ఊఁ" అంది ఫోన్.

అమ్మాజీ గారు ఆయన వైపు తిరిగింది. "ఏమర్థమైందని ఊఁ కొట్టారండీ?"

"ఒక్క ముక్క అర్థం కాలేదు" అన్నాడు పంతులు. "ఆ పిల్ల పాపం ఏదో శ్రద్ధగా చెప్తోంది. ఆగి నా మొహం చూస్తోంది. మధ్యలో ఊఁ అనకపోతే వినడం లేదనుకుంటుంది కదా!"

మా వీధిలో ఏ పసిపిల్లనడిగినా చెప్తుంది ఊఁ అంటే ఏంటో. నాయనమ్మ కథ చెప్తుంటే ఊఁ కొడతాం. రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయాడంటే ఊఁ అంటాం. ఎత్తుకుపొమ్మనా? కాదు. విన్నాను, తరవాతేంటి అని. ఆ సంగతి ఆ కాగితం పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆమె ఒక్కో ఊఁకీ కాగితం మీద ఒక్కో టిక్కు పెట్టుకుంది.

"ఊఁ అంటే యెస్సే కదా పెద్దమ్మా" అన్నాడు హేమంత్.

"ఆషాఢానికి ముందు నువ్వు చెప్పిన కథలకి నేనూ వరసగా ఊఁ కొట్టాను. ఒక్కటైనా నమ్మాననుకున్నావట్రా? దిగు అరుగు."

దిగాడు. వాడి బండి వీధి మలుపు తిరిగేదాకా నేను తిట్లు ఆపలేదు. కానీ వాడు పోయాక అక్కడ మిగిలింది పంతులు నోరే. అది తిట్లతో బాగుపడేది కాదు.

శ్రావణంలో మంచి ముహూర్తం. తెనాలిలో ఒక్క పురోహితుడు ఖాళీ లేడు. వేమూరు, భట్టిప్రోలు అన్నీ ఫోన్లు చేశాం. ఆఖరికి అమ్మాజీ గారే ఆ పేరెత్తింది. "బాపట్లలో మా మరిది ఉన్నాడు." పంతులు లేచి లోపలికి వెళ్లిపోయాడు. గంట తర్వాత చొక్కా వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ముగ్గురం రైలెక్కాం. దారి పొడుగునా ఆయన ఉత్తరీయం తీయలేదు. భరద్వాజ ఇంటి ముందు ఆగితే, అతను వరండాలో కూర్చుని ఉన్నాడు. వదినగారిని చూసి లేచాడు. అన్నగారిని చూసి మళ్లీ కూర్చున్నాడు.

"రండి వదినా. ఏంటి, మరమరాలు కావాలా?"

అమ్మాజీ గారు వచ్చిన పని చెప్పింది. అతను అన్నగారి వైపు చూడనైనా చూడలేదు. "ఊళ్లో నా మంత్రం పనికిరాదని చాటించిన మనిషి నోరు తెరవడేం? నేను మరమరాలు నమిలితే, ఆయనేం నములుతున్నాడు వదినా?"

"సిమెంటు నములుతున్నాడు" అన్నాను నేను. "నువ్వొస్తావా రావా, అది చెప్పు నాయనా. రైలు వేళవుతోంది."

"ఆయన నోటితో అడగమనండి, వస్తాను."

పంతులు మెట్టు మీద నిలబడి ఉత్తరీయం దించాడు. 'తమ్ముడూ' అనే పిలుపులో మొదటి అక్షరమే దంత్యం. నోరు తెరిచాడు. నాలుక ఆ తెల్లగోడకి తగలడం నాకు కనపడింది. "హమ్ముడూ" అని వచ్చింది. మళ్లీ అన్నాడు. మళ్లీ అదే. నోటి పక్కనుంచి తడి కారింది, తుడుచుకోలేదు. తెలియలేదు మరి.

భరద్వాజ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అలాగని జాలీ పడలేదు. "వస్తాను" అన్నాడు. "ఒక షరతు. పక్కన కూర్చుంటే కూర్చోమను. నా మంత్రానికి ఒక్కసారి వేలెత్తినా, పీటల మీదనుంచి లేచి వచ్చేస్తాను. తరవాత పెళ్లి ఆయనే చేయించుకుంటాడు."

పంతులు తలూపాడు. ఊఁ మాత్రం అనలేదు.

రేపల్లెలో మండపం నిండిపోయింది. భరద్వాజ మంత్రం చెప్తున్నాడు. మంచి గొంతే, కానీ తొందర ఎక్కువ. నాకే తెలిసిపోతోంది అక్షరాలు మింగుతున్నాడని. పక్కన పళ్లేలూ దర్భలూ అందిస్తూ పంతులు కూర్చున్నాడు. తమ్ముడు అక్షరం మింగినప్పుడల్లా ఈయన చెయ్యి మోకాలి మీద బిగుసుకునేది. వేలు మాత్రం లేవలేదు. పెళ్లికొడుకు తరపు ఒకాయన నా వెనకే కూర్చుని "ఆ పళ్లాయన పన్ను పంతులు కదూ?" అన్నాడు. "నీ పని చూసుకో" అన్నాను. ఆయన్ని తిట్టాలన్నా, నవ్వాలన్నా ముందు నాకుంది హక్కు.

కన్యాదానం వేళ మా ఆయనా నేనూ పీటల మీద కూర్చున్నాం. సంకల్పం. భరద్వాజ మా ఆయన పేరు అడిగాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"పేరు చెప్పండమ్మా."

"సకుంతల" అన్నాను.

భరద్వాజ పట్టించుకోకుండా ముందుకు పోబోయాడు.

"ఉహూఁ."

నేను తలెత్తాను. పంతులు నా వంకే చూస్తున్నాడు. ఒళ్లు భగ్గుమంది. పళ్లు పోయి, ఎముక పోయి, మాట పోయి, తమ్ముడి పక్కన పళ్లేలు అందించే గతి పట్టి, ఇంకా నా పేరు మీద పడ్డాడు ఈ మనిషి!

భరద్వాజ విసుగ్గా అన్నగారి వైపు తిరిగాడు. "షరతు మర్చిపోయావా?"

పంతులు తల అడ్డంగా ఊపి, వేలు నావైపు చూపించాడు. షరతు తమ్ముడి మంత్రానికే, నా పేరుకి కాదని. వంకలు పెట్టడంలో ఆ బుర్ర మాత్రం చెడలేదు.

"సకుంతల" అన్నాను మళ్లీ, పళ్లు కొరికి.

"ఉహూఁ."

"ముహూర్తం దాటిపోతోంది, కానివ్వండి" అని మా ఆయన గొణిగాడు. జనం అప్పుడే నవ్వడం మొదలెట్టారు. ఆ ఉహూఁ వింటే నాకు కడుపు మండిపోయింది. ఆ పరాయి కుర్చీలో ఏడింటిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఈ ఉహూఁ అని ఉంటే, ఈ పెళ్లి ఈయనే చేయిస్తూ ఉండేవాడు. ఉన్న ఉహూఁలన్నీ నా కోసం దాచుకున్నాడు.

ఆయన మొహంలోకి చూస్తూ, కేవలం కసితో, నాలుకని అంగిటి దగ్గరికి తీసుకెళ్లి గాలి వదిలాను.

"శకుంతల."

మా ఆయన నావైపు తిరిగి చూశాడు. సాయి ప్రియ తెర పక్కనుంచి తొంగిచూసింది. పంతులు కళ్లు మూసుకున్నాడు, మంచి స్వరం విన్నప్పుడు పాతరోజుల్లో మూసుకునేవాడు చూడండి, అలా.

"ఊఁ" అన్నాడు.

ఆ ఊఁ వింటున్నానని కాదు. ఒప్పుకున్నానని. నలభై ఏళ్లకి ఒక్కటంటే ఒక్కటి. అది కూడా పీటల మీద కూర్చోబెట్టి, వియ్యాలవారి ముందు, నా పరువు రెండుసార్లు తీశాకే.